ఇరుగుపొరుగు మాటలు: స్టేషను మొదలు స్టే వరకు

ఈ మాసమున క్రొత్త మాటలు చెప్పుటకు ముందు మేము మా తప్పొకటి దిద్దుకొనవలసియున్నది. గడచిన శ్రావణమాసపు సంచికలో ఈ పుటయందే మేము 'స్టేట్‌మెంటు' అను ఇంగ్లీషు మాటకు 'బ్యాంకువారిచ్చు జమాఖర్చుల కాగితము' అని ఒక్క యర్థమే వ్రాసితిమి. స్థలము చాలదని తక్కిన యర్థములను విడిచితిమి. స్థలము చాలకపోవుట నిజమే కాని, ఆ పుటలోనే 'స్టైలు' అను మాటకు పండ్రెండు పంక్తులు వ్యయపఱచితిమి. మేము వ్రాసిన ఆ యొక్క పంక్తిని నమ్మిన చదువరి యొకతె యేమి యిక్కట్టున పడెనో చెప్పెదము. ఆమె యనుమతి పొందియే చెప్పుచున్నాము. పేరు మాత్రము వ్రాయము.

ఆమె పుట్టినిల్లు నంద్యాల, మెట్టినిల్లు ఆళ్లగడ్డ. అత్తవారిది విగ్రహములు చెక్కు కుటుంబము. భర్త గతించి రెండేండ్లయినది. అయిదేండ్ల కొడుకు కలడు. తెలుగు చక్కగా చదువును. ఇంగ్లీషు అక్షరములు మాత్రము మా యింటి వసారాలో నేర్చినది. మధ్యాహ్నము వంటిల్లు సర్దుకొన్న పిమ్మట మా వీథిలోని నలుగురైదుగురు స్త్రీలు మా యింట చేరి నిఘంటువు ముందిడుకొని కూర్చుండుదురు. పుట్టినింటికి వచ్చినప్పుడెల్ల ఆమెయు వచ్చి కూర్చుండును. వచ్చినవారిలో తొందర లేకుండ చదువునది ఆమె యొక్కతెయే.

మొన్నటి కార్తికమాసమున ఆమె బావగారు, అనగా భర్తకు అన్న, టైపు చేసిన కాగితమొకటి తెచ్చి, బ్యాంకు పనికి కావలెనని సంతకమడిగెను. కాగితము తలమీద ఇంగ్లీషు పెద్దక్షరములతో ఒక్క మాట కలదు. ఆమె దానిని కూడబలుకుకొని చదివెను. 'స్టేట్‌మెంటు.' తెలిసిన మాట కనబడినందులకు సంతోషించెను. పత్రికలో చదివినదే కదా, లెక్కల కాగితమే కదా యనుకొని క్రింద సంతకము చేసెను. నడుమనున్న పది పండ్రెండు పంక్తులు చదువునంత ఇంగ్లీషు ఆమెకు రాదు.

నాలుగు దినములకు రెండవ ప్రతి వచ్చెను. దానిమీదను సంతకము కావలె ననిరి. అప్పుడామెకు సందేహము కలిగెను. ఆ సందేహము మా పాఠమువలన కలిగినది కాదు, ఆమె సొంత తెలివివలన కలిగినది. కాగితము చీరకొంగున ముడివేసికొని, సిరివెళ్ల మీదుగా వచ్చు బస్సెక్కి మా యింటికి వచ్చి, కూర్చుండకయే యడిగెను: "అక్కా, లెక్కల కాగితమైతే అంకెలుండాల గదా? తారీఖు దప్ప దీంట్లో ఒక్క అంకె గూడ లేదే!"

మావారు పాఠశాలనుండి వచ్చి ఆ కాగితమును చదివి తెలుగున చెప్పిరి. భర్త వాటాకు వచ్చు ఇంటియందును, రాతిపని చేయు స్థలమునందును తనకు గాని తన కుమారునికి గాని ఏ హక్కును లేదని ఆమె తన యిష్టముతో చెప్పుచున్నట్లు అందున్నది. 'స్టేట్‌మెంటు' అనగా ఇచ్చట వాఙ్మూలము. మేము శ్రావణమాసమున వ్రాయక విడిచిన యర్థ మదియే.

ఆమె యేడ్వలేదు. కొంతసేపు కాగితమును మడచుచు, విప్పుచు నుండి, "చదువు రాకపోయింటే ఎవరినన్నా అడిగిందును అక్కా. వచ్చుననుకొని జేసినా" అనెను.

ఆ మాట మమ్ము నేటికిని విడువలేదు. కావున ఈ మాసము ఆ మాట నివసించు వీథినంతయు ఇల్లిల్లు తిరిగి చూపవలెనని సంకల్పించితిమి. మాటకు మాట చెప్పి ఒక యర్థము ప్రక్కన వ్రాయుట యింక చాలదు.

ముందుగా నిఘంటువును గూర్చి ఒక సంగతి. మేము బాల్యమున మా తండ్రిగారి యొద్ద అమరము వల్లించినవారము. అమరకోశమున మాటలు కుటుంబములుగా కాపురముండును. నీటికి గల పేరులన్నియు ఒక్కచోట, చెట్లకు గల పేరులన్నియు ఒక్కచోట. ఒక మాట తెలిసినయెడల ప్రక్కమాట యర్థము దానంతట తెలియును. ప్రక్కనున్నది తోబుట్టువు కనుక. మూడవ కాండమందలి నానార్థవర్గమున మాత్రమే అక్షరక్రమము కలదు. అదియు తుది హల్లును బట్టి, కాంతములు, ఖాంతములు, గాంతములు అని. ఇంగ్లీషు నిఘంటువు అట్టిది కాదు. అందు మాటలు రైలుపెట్టెలోని ప్రయాణికులవలె చీటీమీది సంఖ్యను బట్టి కూర్చుండును. ప్రక్కప్రక్కను కూర్చున్నంత మాత్రమున చుట్టములు కారు. అమరము చదివిన యలవాటుతో ఇంగ్లీషు నిఘంటువు పట్టిన మావంటివారికి మొదట ఇదియే పెద్ద చిక్కు. చార్లెసు ఫిలిప్పు బ్రౌనుగారు 1852లో వెలువరించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును మావారు పాఠశాలనుండి తెచ్చినప్పుడు, మేము మాటలకు మాఱుగా వర్గములను వెదకి నవ్వులపాలైతిమి. బ్రౌనుగారు కడపలోని తమ బంగళాలో పండితులకు జీతములిచ్చి మన కావ్యములను పరిష్కరింపజేసినవారు. ఆ బంగళా చోటనే నేడు వారిపేర గ్రంథాలయము కలదు. నంద్యాలనుండి ఆళ్లగడ్డ మీదుగా పోవు పెద్దబాట కడపకే చేరును.

ఇక మన పుట. 'స్టా' అను ధ్వనితో మొదలగు మాటల వరుసలో ముందుగా 'స్టారు', 'స్టార్చి', 'స్టేరు', 'స్టార్టు', 'స్టార్వు' అనునవి వచ్చును. నక్షత్రము, గంజి, తేఱిపాఱ జూచుట, మొదలుపెట్టుట, ఆకట మాడుట. వీనిలో 'స్టారు' మన 'తారా' శబ్దమునకు దూరపు చుట్టము. 'స్టార్వు' అనుదానికి పూర్వకాలపు ఇంగ్లీషులో ఆకలితోనే కాక యే విధముగ చచ్చినను చచ్చుట యనియే యర్థము. ఇవి రైలుపెట్టె పొరుగువారు. వీనిని దాటినయెడల విచిత్రము కనబడును. 'స్టేటు' మొదలు 'స్టే' వరకు గల మాటలు దాదాపుగ నన్నియు ఒక్క కడుపున పుట్టినవి. లాటిను భాషలో నిలుచుటకు 'స్తారె' అందురు. మన సంస్కృతమున 'స్థా' ధాతువు; దానినుండియే స్థానము, స్థితి, స్థావరము, స్థాణువు, సంస్థ. రెండును ఒక్కటే ధాతువు. సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలకు మూలమొక్కటియే కావలెనని సర్ విలియం జోన్సు కలకత్తాలో 1786లో ప్రసంగించెను. అమరము వల్లించిన యే స్త్రీయైనను ఈ పుటను తన పుట్టినింటి పుటగా చూచుకొనవచ్చును.

'స్టేషను' నిలుచు చోటు. బండి నిలుచు చోటు రైలు స్టేషను, పోలీసువారు నిలుచు చోటు పోలీసు స్టేషను. నంద్యాలలో "ఆయన స్టేషనుకు పోయినాడు" అన్నచో "ఏ బండికి?" అని యడుగుదురు. ఆళ్లగడ్డలో అదే మాట యన్నచో "ఏమి కేసు?" అని యడుగుదురు. ఆళ్లగడ్డకు రైలు లేదు. నంద్యాలనుండి ఎఱ్ఱగుంట్లకు వేసిన మార్గమున 2016లో ప్రయాణికుల బండ్లు నడువ మొదలిడినవి కాని, అదియు బనగానపల్లె, కోవెలకుంట్ల వైపుగా పోయినది. మాట యొక్కటే, నలువది కిలోమీటర్లలో అర్థము మాఱినది. ఆ యూరి కోడలు ఈ యూరికి వచ్చి "మా ఆయన స్టేషన్లో ఉన్నాడు" అనిన యెడల ఎవరును కంగారు పడకుందురు గాక.

'స్టేషనరి' అని తెలుగున వ్రాసినచో ఇంగ్లీషున రెండు మాటలు. పలుకుటలో భేదము లేదు, వ్రాతలో ఒక్క యక్షరము భేదము. తుదనున్న 'ఆర్' అను అక్షరమునకు ముందు 'ఏ' వ్రాసినచో కదలక నిలిచియున్న వస్తువు. 'ఈ' వ్రాసినచో కాగితములు, కలములు, సిరా మొదలగు వ్రాతసామగ్రి. కవరును ఇంగ్లీషువారు 'ఎన్వలప్' అందురు. అది 'ఈ'తో మొదలగును, కాగితముల దుకాణమునకును ఆ 'ఈ'యే కావలెనని జ్ఞాపకముంచుకొనుడు. ఇది యెట్లు వచ్చినదనగా, పూర్వము ఐరోపాఖండమున పుస్తకములమ్మువారిలో కొందఱు ఊరూర తిరుగువారు, కొందఱు ఒక్కచోట అంగడి పెట్టుకొని నిలిచినవారు. నిలిచి యమ్మువాడు 'స్టేషనరు', అతని సరకు 'స్టేషనరి'. కనుక రెండు మాటలకును పుట్టుక యొక్కటే. మా వీథి చివరనున్న పుస్తకాల అంగడి పలకమీద 'ఏ' వ్రాసియున్నది. ఆ యంగడి కదలదని దాని భావము. అబద్ధమనుటకు వీలులేదు.

'స్టాచ్యూ', 'స్టేచరు' అను రెండు మాటలను ఆళ్లగడ్డవారి పెరట నిలబడి నేర్చుకొనుట మేలు. 'స్టాచ్యూ' నిలిపిన విగ్రహము. 'స్టేచరు' మనిషి నిలువెత్తు. దానినుండి పెద్దఱికము, ఘనత అను అర్థము కూడ పుట్టినది. ఆళ్లగడ్డ రాతి శిల్పమునకు భౌగోళిక సూచిక యను ప్రభుత్వపు గుర్తింపు కలదు. నంద్యాలనుండి పోవునప్పుడు బస్సు కిటికీలోనుండి చూచినచో బాటప్రక్కను దేవతలు, దేశనాయకులు, సగము చెక్కిన నందులు ఒక్క వరుసను నిలిచియుందురు. తెల్లని రాతిపొడి ముఖముల మీద పడి, ఎవరు దేవుడో యెవరు నాయకుడో తెలియకుండును. అవన్నియు స్టాచ్యూలు. వానిలో ఎవరికెంత స్టేచరు కలదో మేము చెప్పజాలము.

ఈ రెండు మాటలకు గల భేదమును మా వసారాలో ఒక బాలిక యిట్లు చెప్పెను: "యాగంటి బసవన్న స్టాచ్యూ, ఆయన పెరిగేది స్టేచరు." యాగంటిలోని నంది యేటేట పెరుగుననియు, కలియుగాంతమున లేచి ఱంకె వేయుననియు మన సీమలో చెప్పుకొందురు కదా. బాలిక చెప్పినంత చక్కగా మే మెన్నడును చెప్పలేదు.

'స్టేటస్' అను మాట యిప్పుడు ప్రతి యింటను వినబడుచున్నది. మన పిల్లలు వాట్సాప్‌లో దినమునకొకటి మార్చునది స్టేటస్. పెట్టిన యిరువదినాలుగు గంటలకది మాయమగును. నిలుచుట యను ధాతువునుండి పుట్టిన మాటకు పట్టిన గతి చూడుడు. దరఖాస్తు కాగితములపై ఈ మాట మఱియొక తీరున వచ్చును: 'మారిటల్ స్టేటస్', అనగా పెండ్లి యైనదా, కాలేదా, భర్త గతించెనా యను స్థితి. స్టేటస్ అను మాటకు 'స్థితి' యనియు, 'హోదా' యనియు రెండు తెలుగు మాటలు కావలసియున్నవి. నంద్యాల 2022 ఏప్రిల్ 4వ తేదీన కర్నూలునుండి వేఱై జిల్లా యయ్యెను. ఊరి స్థానము మాఱలేదు, స్టేటస్ మాఱినది. ఆళ్లగడ్డవారు జిల్లా కచేరి పనికి పోవలసిన దూరము మాత్రము సగమునకు పైగా తగ్గినది.

మా చదువరి తన దరఖాస్తులన్నిటను ఆ చోట 'విడో' అని వ్రాయుచున్నది. మొన్న మమ్ము, "అక్కా, ఈ గడిలో రాసిందాన్ని బట్టి నాకు ఏమన్నా వస్తుందా, పోతుందా?" అని యడిగెను. ఈ ప్రశ్నకు సమాధానము పుటలో మఱి కొంచెము క్రింద నున్నది.

ఇప్పుడు 'స్టేటు', 'స్టేట్‌మెంటు'. అక్షరక్రమమున ఇవి స్టేషనుకంటె ముందు వచ్చును. మేము కావలెననియే వెనుకకు నెట్టితిమి. స్టేటు అనగా రాష్ట్రము, స్థితి. క్రియగా వాడినచో ఉన్నస్థితిని మాటలతో చెప్పుట. అట్లు చెప్పినది 'స్టేట్‌మెంటు'. ఇదియే దాని మూలార్థము. ఇక, ఎవరు చెప్పుచున్నారు, ఎవరికి చెప్పుచున్నారు, దేనిని గూర్చి చెప్పుచున్నారు అనుదానిని బట్టి తెలుగు మాట మాఱును. బ్యాంకు మీకు మీ సొమ్మును గూర్చి చెప్పినచో లెక్కల పట్టిక. నాయకుడు పత్రికలవారికి చెప్పినచో ప్రకటన. మీరు పోలీసువారికో న్యాయస్థానమునకో చెప్పినచో వాఙ్మూలము. మీ హక్కును గూర్చి మీరే చెప్పి సంతకము చేసినచో, పేరేదైనను, రేపు మీ యెదుట పెట్టదగిన మాట. బ్యాంకు పట్టికపై మీ సంతకము సాధారణముగ అక్కఱలేదు. చెప్పుచున్నది బ్యాంకు, మీరు కారు. సంతకము మీది కావలసి వచ్చినదనగా చెప్పుచున్నది మీరని యర్థము. ఈ రెండు వాక్యములు శ్రావణమాసమున వ్రాసియుండినచో ఆమె చేతిలోని కలము ఆగియుండెడిది.

'స్టాట్యూటు' అక్షరక్రమమున స్టేటస్ ప్రక్కది. శాసనసభ నిలిపిన శాసనము. స్టేట్‌మెంటు ఒకరు చెప్పునది, స్టాట్యూటు అందఱికి నిలిపినది. స్టాచ్యూ అను మాటకును దీనికిని రూపమున ఒక్క యక్షరము భేదము. ఆళ్లగడ్డ బావగారి వృత్తి మొదటిది. ఆయన చూడ మఱచినది రెండవది.

మా చదువరి ప్రశ్నకు సమాధానము నిచ్చుచోటు ఇదియే. 1937లో వచ్చిన శాసనముచే హిందూ వితంతువునకు భర్త యాస్తిలో భాగము లభించెను కాని, అది జీవితకాలపు పరిమిత హక్కు. అనుభవింపవచ్చును, ఇచ్చవచ్చినట్లు అమ్మరాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ పరిమితిని తీసివేసెను. వీలునామా వ్రాయక గతించిన హిందూ పురుషుని సొంత యాస్తియందు భార్యకును, కొడుకులకును, కూతుండ్రకును, తల్లికిని మొదటి తరగతి వారసులుగ వాటా కలదు. స్త్రీకి వచ్చిన యాస్తి ఆమెకు సంపూర్ణముగ సొంతము. పూర్వికులనుండి వచ్చు ఉమ్మడి యాస్తిలో కూతుండ్రకు కొడుకులతో సమానమైన హక్కును మన ఆంధ్రప్రదేశమున 1986 సవరణయే తెచ్చినది. దేశమంతటను ఆ హక్కు వచ్చినది 2005లో. అనగా దరఖాస్తులోని 'విడో' అను గడి కేవలము దుఃఖమును తెలుపు గడి కాదు. అది స్టేటస్, ఆ స్టేటసునకు స్టాట్యూటు వాటా నిచ్చినది. ఈ సంగతి ఆమెకు చెప్పినప్పుడు ఆమె, "అట్లయితే మా అత్తకు గూడ ఉంటుందే!" అనెను. తన వాటా సంగతి రెండవసారి యడుగలేదు.

మాకు పరిచితులైన ప్లీడరుగారు ఆ కాగితమును చూచి చెప్పినది ఇది. నూఱు రూపాయలకు తక్కువ కాని విలువ గల స్థిరాస్తిపై హక్కును వదలుకొను పత్రమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్టరు చేయింపవలెను. రిజిస్టరు కాని తెల్లకాగితము అట్టి హక్కును తొలగింపజాలదు. ఆ మాట విని మేము ఊపిరి పీల్చుకొంటిమి. ఆయన ఊపిరి పీల్చుకొననీయలేదు. హక్కు పోకున్నను వ్యాజ్యమునకు దారి పడును. "ఆమెయే ఒప్పుకొన్నది" యని అందఱియెదుట చూపుటకు పనికివచ్చును. కావున సంతకము చేసినప్పుడు చదివి వినిపింపలేదనియు, విషయము తెలియదనియు, ఒప్పుకొనుటలేదనియు వెంటనే వ్రాసి పంపుడనిరి. ఆమె తన చేతితోనే తెలుగున వ్రాసెను. రసీదు తిరిగి వచ్చు రిజిస్టరు తపాలాలో పంపెను. ఆ యుత్తరమునకు పైని ఏమి పేరు పెట్టవలెనని యడిగినప్పుడు మావారు నవ్వి, "అదియును స్టేట్‌మెంటే" యనిరి.

తుది మాట 'స్టే'. ఉండుట, ఆగుట, ఆపుట. చుట్టములింట నాలుగు దినములుండుటయు స్టేయే. న్యాయస్థానమువారు ఒక పనిని కొంతకాలము ఆపి ఉంచుటయు స్టేయే. మన యూళ్లలో "స్టే వచ్చింది" అనగానే వ్యాజ్యము గెలిచినట్లు మిఠాయి పంచుకొందురు. అది గెలుపు కాదు, నిలుపుదల. విచారణ ముగియువరకు ఉన్నదున్నట్లుండవలెనని మాత్రమే దాని భావము. ఎదుటివారికి వచ్చినను ఓడిపోయితిమని యేడ్వ నక్కఱలేదు. మా చదువరి విషయమున స్టే వరకు పోవలసిన యవసరము ఇంకను కలుగలేదు. కలుగదనియు చెప్పలేము.

నిలుపుదల యను మాట వ్రాయుచుండగా ఒక సంగతి తోచినది. మన అచ్చతెలుగు 'నిలు' ధాతువునకు సంస్కృతపు 'స్థా'తో గాని లాటిను మాటతో గాని చుట్టఱికము లేదు. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదని, తక్కిన దక్షిణదేశపు భాషలతో కూడిన వేఱొక కుటుంబమని ఎల్లిసుదొర 1816లోనే నిరూపించి వ్రాసెను. అయినను నిలు అను మాట వేసిన కొమ్మలు చూడుడు: స్టే యనుదానికి నిలుపుదల, స్టేచరునకు నిలువెత్తు, కదలనిదానికి నిలుకడ, బ్యాంకు స్టేట్‌మెంటు చివర నుండు అంకెకు నిలువ. చుట్టములు కానివారు ఒకే తీరున ఇల్లు కట్టుకొన్నట్లున్నది. ఆ కొమ్మలలో ఇంగ్లీషు పుటలో సాటిలేనిది యొకటి కలదు: నిలదీయుట. ఎంత వెదకినను 'స్టా' మాటలలో దానికి జోడు మాకు దొరకలేదు. దొరికిన చదువరులెవరైన వ్రాసి పంపుడు.

ఇంతవరకు వ్రాసి కాగితములు సర్దుచుండగా ఆళ్లగడ్డనుండి పెద్దావిడ యొకరు వచ్చిరి. మా చదువరి అత్తగారు. కోడలిని వెంటబెట్టుకొని రాలేదు, చెప్పియు రాలేదు. మనుమని చేయిపట్టుకొని వసారాలో స్తంభమునకానుకొని కూర్చుండిరి. మంచినీళ్లు త్రాగి, "మా కోడలికి కాయితం జదివినారంట గదమ్మా" యనుచు రవిక లోపలినుండి నాలుగు మడతల కాగితమొకటి తీసి యిచ్చిరి. అదే టైపు, అదే తలమాట. క్రింద సంతకమునకు మాఱుగా నీలిసిరాతో వేలిముద్ర యున్నది.

"నా చిన్నకొడుకు వాటా గురించేనంట. నా పెద్దకొడుకే ఏయించుకున్యాడు. ఏముందో జదివి చెప్పమ్మా" అనిరి.

మావారు ఇంకను పాఠశాలనుండి రాలేదు. మేమే చదువ మొదలిడితిమి. ఈసారి తలమాట యొద్ద ఆగక, మొదటి పంక్తినుండి, ఒక్కొక్క మాటకు నిఘంటువు చూచుచు చదువుచున్నాము. పిల్లవాడు మా నిఘంటువును పీటగా వేసికొని కూర్చుండెదనని మారాము చేయుచున్నాడు.

వచ్చు మాసము ఇదే వీథిలో తరువాతి యిండ్లు: 'స్టీలు' అని పలుకబడు రెండు మాటలు, వానికి నడుమనున్న 'స్టీము'. ఒకటి దొంగిలించుట, ఒకటి ఉక్కు. ఏది యేదో ఇప్పటినుండియే యోచించి యుంచుడు.